తాతల బదిలీ

పసలేరు కాలవ లాకుల పక్కన చిట్టూరి అబ్బులు ఇల్లు కిందటేడాది దాకా ఇల్లే. ఆ తర్వాత దాన్ని ఇల్లు అంటే ఊరుకునేవాళ్లు కాదు. అది గుర్తింపు పొందిన గృహ పాఠశాల. అబ్బులు అందులో తాత కాదు, సంగీతోపాధ్యాయుడు. ఇదెలా జరిగిందో తెలియాలంటే ముందు జాజి సంగతి తెలియాలి.

జాజి అబ్బులు మనవరాలు. టౌనులో ఇంగ్లీషు బడికి పసుపు వ్యానులో వెళ్లేది. మొదట్లో వెళ్లేటప్పుడు మాట్లాడేది, వచ్చేటప్పుడు మాట్లాడేది కాదు. కొన్నాళ్లకి వెళ్లేటప్పుడూ మానేసింది. ఆపైన ఇంట్లోనూ మానేసింది. అన్నం కావాలంటే గిన్నెకేసి చూసేది, వద్దంటే గోడకేసి చూసేది. డాక్టరు గొంతులో లైటేసి చూసి ఏమీ లేదన్నాడు. లేదని వాళ్లకీ తెలుసు, లేకనే తీసుకెళ్లారు. ఒక పొద్దున వ్యానువాడు హారను కొడుతుంటే అబ్బులు కోడలు సునంద బయటికొచ్చి, "ఇవాళ రాదు బాబూ" అంది. మర్నాడూ అదే అంది. తర్వాత వ్యాను ఆగడం మానేసింది.

అబ్బులుది హార్మోనియం పెట్టెల మరమ్మతు. నాటకాల వాళ్లు పోయారు గానీ భజనల వాళ్లు మిగిలారు, కాబట్టి పనికి లోటు లేదు. వీధరుగు మీద పెట్టె విప్పుకుని కూర్చుంటే సాయంత్రం దాకా ఆయన నోట్లోంచి నాలుగు ముక్కలు రావు. జాజి వచ్చి పక్కన కూర్చునేది. ఆయనా మాట్లాడడు, ఆ పిల్లా మాట్లాడదు, ఇద్దరికీ బాగా కుదిరింది. ఆయన స్వరం పలికే ఇత్తడి రీడు కాస్త గీకి, మెట్టు నొక్కేవాడు. స్వరం కిందికుంటే పిల్ల మొహం చిట్లించేది. ఆయన మళ్లీ గీకేవాడు. కొన్నాళ్లకి చిట్లించడం మాని, ఆ స్వరం ఎక్కడుండాలో గొంతులోనే సన్నగా తీసి చూపించడం మొదలెట్టింది. ఆ కూనిరాగాన్ని పట్టుకునే మాట కూడా వెనక్కొచ్చింది. మొదటి మాట, "తాతా, నీటికాకి." కాలవ అవతల గట్టు మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. అబ్బులు దానికేసి చూసి, "ఊఁ" అన్నాడు. ఆయనకి అది ఎంత పెద్ద మాటో ఇంట్లోవాళ్లకి తెలుసు.

అలా పొద్దున తాత దగ్గర రీడ్లూ, మధ్యాహ్నం నాయనమ్మ వీరవేణి దగ్గర వంటా చుట్టాల కబుర్లూ, సాయంత్రం కాలవ గట్టు. దానికి పేరేమీ లేదు. అడిగితే "పిల్ల ఇంట్లో ఉంటోంది" అనేవాళ్లు. పేరు సునంద ఫోనులో కనిపెట్టింది.

"మావయ్యగారూ, మనం చేసేదాన్ని హోమ్‌స్కూలింగ్ అంటారంట."

"దేన్ని?"

"ఇదే. మీరు పెట్టెలు బాగుచెయ్యడం, అత్తయ్యగారు పచ్చడి పెట్టడం, పిల్ల పిట్టల్ని చూడ్డం."

"అది పనమ్మా."

"కాదండి. విద్యంట."

అబ్బులు రీడు గీకుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజధానిలో ఎవరో పెద్దావిడ ఒక సభలో ఈ మాటే విని, ఎంత బావుందో అన్నారట. ఆవిడ బావుందన్నాక అది బాగా లేకపోవడానికి వీల్లేదు. వారం తిరక్కుండా గృహవిద్యా వికాస మండలి పుట్టింది. పిల్లల్ని ఇంట్లో సంగీతంతో, ప్రకృతితో, కుటుంబానుభవాలతో పెంచే ప్రతి ఇంటికీ గుర్తింపు ఇస్తామన్నారు. చివర ఒక వాక్యం ఉంది. "గుర్తింపు పొందిన గృహమునకు పాఠశాలకు వర్తించు నియమావళి యావత్తూ వర్తించును." ఆ వాక్యం చదివినవాళ్లు లేరు. రాసినవాడు కూడా చదివి ఉండడు, రాసి ఉంటాడంతే.

రేపు పిల్ల పదో తరగతి రాయాలన్నా ఏదో ఒక కాగితం ఉండాలి కదా అని సునంద దరఖాస్తు పెట్టింది. ఆమె మొగుడు సూరిబాబు, "పెట్టు, పోయేదేముంది" అన్నాడు.

పోయేదేముందో చెప్పడానికి పరబ్రహ్మం మాస్టారు వచ్చారు. ఆయన మొన్నటిదాకా లాకుల దగ్గర పంచాయతీ బడికి హెడ్మాస్టరు. ఇప్పుడు మండల గృహ పర్యవేక్షణాధికారి. బళ్లో ఉండే మిగతా పంతుళ్లనీ ఇళ్ల తనిఖీకే వేశారు. ఒకప్పుడు ఆయన్ని చూసి పిల్లలు భయపడేవాళ్లు. ఇప్పుడు ఇళ్లు భయపడుతున్నాయి. వెనక అటెండరు మల్లిబాబు పాత బడిగంటని భుజానేసుకుని వచ్చాడు. గంటంటే రైలుపట్టా ముక్క.

"ఇది బళ్లో ఉండాలి కదండీ" అన్నాడు సూరిబాబు.

"అక్కడ కొట్టేవాళ్లు లేరు. వనరులు నిరుపయోగంగా ఉండకూడదని మండలివారి ఆదేశం" అన్నారు మాస్టారు. రైలుపట్టా ముక్కని వసారా దూలానికి వేలాడదీయించి, లోపలికొచ్చి ఇల్లంతా కలియజూశారు. "ప్రధానోపాధ్యాయులు ఎవరు?"

సునంద చెయ్యెత్తింది.

"సిబ్బంది?"

సునంద అత్తమామలకేసి చూసింది. మాస్టారు అబ్బుల్ని సంగీతమూ ప్రకృతీ అని రాసుకున్నారు. వీరవేణిని కుటుంబానుభవాలూ మధ్యాహ్న భోజనమూ అని రాసుకున్నారు. "మరి తమరు?" అన్నారు సూరిబాబుతో.

"పిల్ల తండ్రినండి."

"తల్లిదండ్రుల కమిటీ. అధ్యక్షులు మీరే, సభ్యులు మీరే. ప్రధానోపాధ్యాయిని గారు లిఖితపూర్వకంగా పిలిచినప్పుడు తప్ప పాఠశాల వేళల్లో ఆవరణలోకి రాకూడదు."

"నా ఇల్లండి ఇది."

"వేళలు ముగిశాక" అన్నారు మాస్టారు మర్యాదగా. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, అసలు సంగతి కూడా చెప్పారు. "నియమాలు పాటించని పక్షంలో గుర్తింపు రద్దవుతుంది. రద్దయితే బాలిక బడి బయట ఉన్నట్టు లెక్క. బడి బయట ఉన్న బాలికను జిల్లా ఆశ్రమ పాఠశాల హాస్టలుకి తరలించవలసి ఉంటుంది. ఇది బెదిరింపు కాదు, సమాచారం."

ఆ మాటకి జాజి హార్మోనియం పెట్టె వెనక్కి జరిగి కూర్చుంది. అబ్బులు చూశాడు. ఆ రోజు నించీ ఆయన మండలివారు ఏం చెప్పినా తలాడించాడు.

ఇల్లు నియమావళి ప్రకారం నడవడం మొదలైంది. పొద్దున్నే వీరవేణి గంట కొట్టేది. అందరూ పెరట్లో వరసగా నిలబడి ప్రతిజ్ఞ చేసేవాళ్లు. వరసంటే జాజి ఒక్కతే. ఆమె వెనక ఎవరూ లేరు కాబట్టి వరస సరిగ్గానే ఉండేది. భోజనం మెనూ మండలి నించి వచ్చేది. చేపల పులుసు అందులో లేదు. లాకుల పక్కన పుట్టి, లాకుల చేపలు తిని పెరిగిన ఇంట్లో పులుసు బడి అయ్యాక, గంట కొట్టాక, తలుపు దగ్గరికేసి తినేవాళ్లు. సూరిబాబు పగలు కొట్టుకి పోయి, మధ్యాహ్నం అన్నానికొస్తే గేటు బయట నిలబడి, "ప్రధానోపాధ్యాయిని గారూ, కమిటీని పిలుస్తారా" అని అడిగేవాడు. మొదట్లో నవ్వుతూ అడిగేవాడు.

ప్రకృతి దగ్గర చిక్కొచ్చింది. టైంటేబుల్లో ప్రకృతి పరిశీలన మధ్యాహ్నం మూడో పీరియడు. నీటికాకి మాత్రం పొద్దున సంగీతం పీరియడులోనే వచ్చి కూర్చుంటుంది. మాస్టారు తనిఖీకొచ్చిన రోజున జాజి అలవాటుగా, "తాతా" అని వేలు చూపించింది. అబ్బులు అటు చూశాడు.

"ఏం జరుగుతోందిక్కడ?" అన్నారు మాస్టారు.

"పిట్టండి."

"సంగీతం పీరియడులో?"

"అదిప్పుడే వస్తుందండి."

"దాని వేళలకి మనం మారితే, రేపు కప్పలు అర్ధరాత్రి అరుస్తాయి, అప్పుడూ బడి పెడతారా?" మాస్టారు కాలవ కేసి చూసి నొసలు ముడిచారు. "అసలా కాలవ ఎవరిది?"

"కాలవ కాలవదేనండి."

"నీటిపారుదల శాఖది. ఇతర శాఖవారి ప్రకృతిని వారి అనుమతి లేకుండా బోధనకు వాడుకోవడం ఆక్షేపణీయం. ప్రకృతిని ఆవరణలోనే ఏర్పాటు చేసుకోవాలి."

ఏర్పాటు చేశారు. పెరట్లో కుండీలు పెట్టి ప్రతి మొక్కకీ పేరు రాసిన రేకు కట్టారు. పిట్టల చార్టు గోడకి కొట్టారు. కాలవ వైపు తడికె కట్టించారు. అప్పట్నించీ జాజి మూడో పీరియడులో తడికెకేసి చూస్తూ కూర్చునేది. అబ్బులు చార్టులో పిట్టని చూపించి, "ఇది నీటికాకి" అనేవాడు. తడికె అవతల అది నీళ్లలో బుడుంగుమని మునిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించేది.

కుటుంబానుభవాలకైతే సిలబస్సే వచ్చింది. అనుభవాలని యూనిట్లుగా విభజించారు. అతిథి సత్కారం మొదటిది. సునంద అన్నయ్య వచ్చి తిని పోయాడు, అది అయిపోయింది. రెండోది దాంపత్య కలహం. దీనికి పర్యవేక్షణ తప్పనిసరి. మాస్టారు వసారాలో కుర్చీ వేయించుకుని, కలం మూత తీసి, "ప్రారంభించండి" అన్నారు. కమిటీని కూడా ఆ పూటకి లిఖితపూర్వకంగా పిలిచారు. జాజిని మొగుడూ పెళ్లాల మధ్య చాప మీద కూర్చోబెట్టారు.

సునంద, సూరిబాబు మొహామొహాలు చూసుకున్నారు.

"కందిపప్పు తేలేదేంటండీ" అంది సునంద, పద్యం అప్పగించినట్టు.

"మర్చిపోయాను" అన్నాడు సూరిబాబు.

"పోన్లెండి" అంది సునంద.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "ఉద్వేగం లోపించింది. సహజత్వం లేదు. పాత విషయం ఏదైనా తీసుకోండి. పాతవైతే బాగా పండుతాయి."

సూరిబాబు కాసేపు ఆలోచించాడు. మాస్టారికి సాయం చేద్దామనే పాపం, వేరే ఉద్దేశం లేదు. "మీ అన్నయ్య పెళ్లిలో మా నాన్నకి కుర్చీ కూడా వెయ్యలేదు" అన్నాడు.

"వెయ్యలేదా?" అంది సునంద. ఇప్పుడు గొంతు వేరే. "వేస్తే ఆయనే కూర్చోలేదు. నిలబడే తింటానన్నది ఎవరు? మీ చెల్లెలు వచ్చి ఆ కుర్చీలో బ్యాగు పెట్టుకున్నది ఎవరు?"

"మా చెల్లెల్ని మధ్యలోకి లాగకు."

"ఎప్పుడు లేదు మధ్యలో?"

అక్కణ్ణించి పాఠం నిజంగానే పండింది. అబ్బులు లేచి వెళ్లబోతే, సిబ్బంది కూర్చోవాలని మాస్టారు చెయ్యి చూపించారు. ఆయన గబగబా రాసుకుంటూ, మధ్యమధ్య "బాగుంది" అంటున్నారు. అందుకోవలసిన స్థాయి అందుకోగానే మల్లిబాబు గంట కొట్టాడు.

"చాలు. రాజీ మూడో యూనిట్. వచ్చే బుధవారం" అన్నారు మాస్టారు.

"మరి అప్పటిదాకా?" అన్నాడు సూరిబాబు.

"సిలబసు దాటి ముందుకు పోరాదు."

బుధవారం దాకా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. నియమం కోసం రెండు రోజులు మాట్లాడుకోలేదు, మిగతా రోజులు కుర్చీ కోసం.

ఆ బుధవారం రాజీ కుదరక ఆ యూనిట్ వాయిదా పడింది. ఆ రోజే మాస్టారు ఆఖరి యూనిట్ దగ్గర కలం ఆపారు. "అశుభము" అని చదివారు. "ఇది ఖాళీగా ఉంది. ఈ విద్యాసంవత్సరంలో ఈ గృహంలో ఎవరూ పోలేదా?"

"లేదండి" అంది సునంద.

"దగ్గరి వాళ్లయి ఉండాలి. ఎదురింటివాళ్లు పనికిరారు." ఆయన చూపు ఇల్లంతా తిరిగి వీధరుగు మీద ఆగింది. అక్కడ అబ్బులు పెట్టె తిత్తికి అతుకు వేసుకుంటున్నాడు. "సంగీతం మాస్టారూ, తమరి ఆరోగ్యం ఎలా ఉంటోంది?"

"బానే ఉందండి."

"బీపీ, షుగరూ?"

"లేవండి."

మాస్టారు మొహం వాడిపోయింది. "ఒత్తిడేమీ లేదు. మార్చి లోపల ఏమైనా అవకాశం ఉంటే చూడండి."

"నా చేతుల్లో లేదు గదండీ. ప్రయత్నిస్తాను" అన్నాడు అబ్బులు.

ఆయన ఏ భావమూ లేకుండా అన్నాడు. వీరవేణి మాత్రం వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. "మాస్టారూ, మీ ఇంట్లో ఆ యూనిట్ అయిపోయిందా?" అని అడిగింది. మాస్టారు తన ఇల్లు గుర్తింపు పొందిన గృహం కాదని, అందుచేత తమకు వర్తించదని చెప్పి, చెప్పులు వేసుకున్నారు.

మర్నాడు పొద్దున అబ్బులు రీడు గీకి మెట్టు నొక్కాడు. స్వరం కిందికుంది. ఆయనకి తెలుసు. అయినా జాజికేసి చూశాడు. పిల్ల మొహం చిట్లించలేదు. కూనిరాగం తీయలేదు. అన్నం వేళకి గిన్నెకేసి చూసింది. అబ్బులు పెట్టె మూసేశాడు. ఆయన చేతిలో పని సగంలో ఆగిపోవడం వీరవేణి అదే మొదటిసారి చూడ్డం.

"ఏమయ్యింది?" అంది.

"పిల్ల మళ్లీ వెనక్కి పోతోంది" అన్నాడు.

ఇక పోవడానికి ఏమీ మిగల్లేదనుకుంటుంటే బదిలీల ఉత్తర్వు వచ్చింది. బళ్లో పంతుళ్లని ఒకేచోట ఎక్కువకాలం ఉంచరు కదా. ఇల్లు బడి అయినప్పుడు, తాత పంతులైనప్పుడు, తాతని మాత్రం ఎలా ఉంచుతారు. బదిలీల రోజున జిల్లా కేంద్రంలో టెంటు కింద జిల్లాలోని తాతలూ అమ్మమ్మలూ నాయనమ్మలూ చేరారు. కొందరు కొడుకుల మోటారు సైకిళ్ల మీద వచ్చారు, కొందరు మాత్రల డబ్బాలతో వచ్చారు. పెద్ద తెర మీద ఖాళీలు వేశారు. ఫలానా ఊళ్లో తాత ఖాళీ. ఫలానా ఊళ్లో అమ్మమ్మ ఖాళీ, మేడ మీద గది కలదు. ఒక ముసలావిడ గుమాస్తా చెయ్యి పట్టుకుని, "నాయనా, కోడలు లేని ఇల్లేదైనా ఉంటే చూడవూ" అంటోంది.

"అవి పొద్దున్నే అయిపోయాయి మామ్మగారూ" అన్నాడతను.

అబ్బులు వంతు వచ్చింది.

"పేరు?"

"చిట్టూరి అబ్బులు."

"క్యాడరు?"

"హార్మోనియం బాగుచేస్తానండి."

"అది సబ్జెక్టు. క్యాడరు తాత. పితామహులా, మాతామహులా?"

"పిల్ల నాన్నకి నాన్ననండి."

"పితామహులు. ప్రస్తుత గృహంలో ఎప్పట్నించి?"

"అక్కడే పుట్టానండి."

గుమాస్తా కళ్లెత్తి చూశాడు. "పుట్టినకాడ్నించీ ఒకే స్టేషనా? ఎవరి సిఫార్సు?"

"మా అమ్మదండి."

గుమాస్తా నవ్వలేదు. తప్పనిసరి బదిలీ అని రాసి, కాకిలంక ఇచ్చాడు. కాకిలంక ఏటి అవతల, పడవ దాటి పోవాలి. "భార్యాభర్తల కోటా ఉంది. మీ ఆవిడ్ని కూడా అక్కడికే వేయమంటారా?"

"ఆవిడ్ని ఉండనియ్యండి. పిల్లకి ఒకళ్లన్నా ఉండాలి" అన్నాడు అబ్బులు.

"నాయనమ్మలది రెండో విడత. అప్పుడు చూద్దాం" అన్నాడు గుమాస్తా.

మూడోనాడు పొద్దున కొత్త తాత దిగాడు. పేరు త్రిమూర్తులు. ఒక చేతిలో రేకు పెట్టె, ఇంకో చేతిలో ఉత్తర్వు. మనిషి పొడుగు, బాగా వంగిపోయి గుమ్మంలో నిలబడి, "జాయిన్ అవడానికొచ్చానండి" అన్నాడు. జాజి ఆయన్ని చూసి తలుపు చాటుకి పోయింది.

"మీకు సంగీతం వచ్చా?" అంది సునంద. హెడ్మాస్టరు కాబట్టి అడగాలి.

"రాదమ్మా. కొబ్బరితోటల్లో కాయ దింపులు తీయించేవాణ్ణి. నన్ను సైన్సు తాత కింద వేశారు. ఖాళీ లేక ఇక్కడికి సర్దారు." ఆయన అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మా మనవడు కాలు వదల్లేదు. వాడి చేతులు విడిపించి వచ్చాను. మా ఇంటికి ఎవరో పెద్దాయన్ని వేశారు, మంచాన పడున్నాయన. నలుగురు మోసుకొచ్చి జాయిన్ చేసి పోయారు. ఆయన్ని ఆ యూనిట్ కోసం వేశారట, ఆ అశుభం."

అబ్బులు తన గ్లాసులో టీ సగం ఇంకో గ్లాసులో పోసి త్రిమూర్తులు ముందు పెట్టాడు.

సాయంత్రం వీడ్కోలు సభ. పరబ్రహ్మం మాస్టారు శాలువా కప్పి, "ఈ గృహానికి శ్రీ అబ్బులు గారు చేసిన సేవలు చిరస్మరణీయం" అన్నారు. అబ్బులు తన వసారాలో, తన కుర్చీలో, శాలువాతో కూర్చున్నాడు. అలవాటు ప్రకారం పోయే పంతులు గురించి విద్యార్థులు నాలుగు మాటలు చెప్పాలి. జాజిని లేపి నిలబెట్టారు. పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు. మాస్టారు గడియారం చూసుకున్నారు. ఇంకాసేపు చూసి, "దుఃఖాతిరేకం" అని రాసుకుని, ఉత్సాహంగా సునంద వైపు తిరిగారు. "ఇది అశుభం కింద సగం మార్కులకి పనికొస్తుందేమో పైకి రాసి చూస్తాను."

సునంద పిల్లని తీసుకుని లోపలికి పోయింది. సభ ముగిసే దాకా బయటికి రాలేదు. హెడ్మాస్టరు సభ మధ్యలో లేచిపోవడం నియమ విరుద్ధమని మాస్టారు గుర్తు చేశారు గానీ, వినడానికి ఎవరూ లేరు.

మర్నాడు అబ్బులు చిన్న హార్మోనియం పెట్టెని చంకనెత్తుకుని బయల్దేరాడు. రిలీవు కాగితంలో జాయినింగ్ టైము ఇచ్చారు. ఆ టైములో మనిషి పాత చోటు వాడూ కాదు, కొత్త చోటు వాడూ కాదు. పడవ రేవుకి లాకుల బడి మీదుగానే దారి. బడి గేటు తీసే ఉంది. పెట్టె బరువుగా ఉంటే లోపల గట్టు మీద కూర్చున్నాడు.

బళ్లో పంతుళ్లు ఒక్కరూ లేరు. అందరూ ఇళ్ల మీద ఉన్నారు. గంట లేదు కాబట్టి బడి పొద్దున మొదలవడమూ లేదు, సాయంత్రం అయిపోవడమూ లేదు. పిల్లలు మాత్రం పోవడానికి వేరే చోటు లేక బడికే వస్తున్నారు. ఇద్దరు బావి గట్టు మీద పడుకుని కప్పల్ని చూస్తున్నారు. వంటామె పోలమ్మ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని వంకాయలు తరిగిస్తూ, వాళ్ల అత్తగారి కథ చెబుతోంది. ఇంకొందరు పలకలు వాయిస్తూ ఏదో పాడుతున్నారు. శ్రుతి ఎక్కడో కాలవలో ఉంది. అబ్బులు ఆ పాటని కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఓర్చుకోలేక పెట్టె తీసి ఒక మెట్టు నొక్కి పట్టుకున్నాడు. పిల్లలు ఆగి, చూసి, ఆ స్వరం అందుకున్నారు.

పడవ పోయింది. ఆయన చూశాడు, పోతోందని. లేవలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి గేటు బయట నిలబడితే, సూరిబాబు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. "కమిటీ పక్కన తమరు కూడానా నాన్నా" అన్నాడు. గంట కొట్టాక ఇద్దరూ లోపలికెళ్లారు. అన్నాల దగ్గర అబ్బులు ఒక్క మాటన్నాడు.

"అమ్మాయ్. బడి బావుంది."

"ఏ బడి?"

"లాకుల బడి. పంతుళ్లు లేరు."

సునంద ముద్ద కలుపుతూ ఆగిపోయింది. జాజికేసి చూసింది. జాజి గోడకేసి చూస్తోంది. సునంద చెయ్యి కడుక్కుని లేచి, ప్రధానోపాధ్యాయిని ముద్ర తీసింది. గుర్తింపుతో పాటు మండలివారు ఇచ్చినవాటిలో అదొక్కటే ఆ ఇంటికి పనికొచ్చింది. తన కూతురికి తనే టీసీ రాసింది. ప్రవర్తన బాగున్నదని రాసింది. వెళ్లడానికి కారణం అన్నచోట, "చదువుకొనుటకు" అని రాసి, ముద్ర కొట్టింది.

"కొంప మునుగుతుందేమోనే" అన్నాడు సూరిబాబు.

"బళ్లో చేరిన పిల్లని హాస్టలుకి ఎలా పట్టుకుపోతారు? మీరే చెప్పండి" అంది సునంద.

సూరిబాబు ఆలోచించి, "కుర్చీ విషయంలో కూడా నీ మాటే నిజమేమో" అన్నాడు. రాజీ యూనిట్ ఆ పూట పూర్తయింది. మాస్టారు చూడలేదు.

మర్నాడు జాజి తాత వేలు పట్టుకుని బడికెళ్లింది. ఆ మరుసటి వారం విద్యార్థులు లేని కారణంగా చిట్టూరి వారి ఇల్లు మూసివేయడమైనదని ఉత్తర్వు వచ్చింది. మల్లిబాబు వచ్చి గుమ్మం మీది గృహ పాఠశాల బోర్డు విప్పి తీసుకుపోయాడు. మూసేసిన ఇంట్లో ఆ పూట వీరవేణి తలుపులు బార్లా తీసి పట్టపగలు చేపల పులుసు పెట్టింది. తడికె పొయ్యిలోకి పనికొచ్చింది. ఇల్లు మూతపడ్డాక త్రిమూర్తులు మిగులు తాత కింద తేలాడు. మిగులు తాతల్ని ఎక్కడ సర్దాలో పైనించి ఆదేశాలు రావాలి. వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, ఆయనా లాకుల బడికే వచ్చి, పిల్లలకి కొబ్బరాకుతో బుట్టలల్లడం చూపిస్తున్నాడు. ఒక ఆదివారం ఊరెళ్లి మనవణ్ణి కూడా వెంటపెట్టుకొచ్చాడు.

ఇదంతా ఎవరో పైకి చేరేశారు. పరబ్రహ్మం మాస్టారు తన పాత బడికి తనే తనిఖీకొచ్చారు. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. చెట్టు కింద హార్మోనియం. కాలవ మెట్ల మీద పిల్లలు చప్పుడు చెయ్యకుండా బోర్లా పడుకుని ఉన్నారు, అవతల నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. పోలమ్మ పొయ్యి దగ్గర అత్తగారి కథ ఇంకా అవలేదు.

"ఉపాధ్యాయులు ఎవరున్నారిక్కడ?" అన్నారు మాస్టారు.

"ఎవరూ లేరండి. అంతా ఇళ్ల మీదున్నారు" అన్నాడు అబ్బులు.

"మరి తమరు?"

"జాయినింగ్ టైములో ఉన్నానండి."

"ఆయన?"

"మిగులండి."

"పాఠాలేమైనా చెబుతున్నారా?"

"లేదండి."

"టైంటేబులు?"

"లేదండి."

మాస్టారు మొహంలో నిశ్చింత కనిపించింది. కలం తీసి అక్కడే నిలబడి రాశారు. "పై పాఠశాలను ఆకస్మికముగా తనిఖీ చేయడమైనది. ఇచ్చట ఎటువంటి విద్యాబోధన జరుగుట లేదని, గృహవిద్యా నిబంధనలకు విరుద్ధమైనది ఏదియూ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." సంతకం పెట్టారు. పెట్టాక ఎందుకో వెంటనే కదల్లేదు. మెట్ల మీంచి జాజి లేచి పరిగెత్తుకొచ్చి, "తాతా, దాని నోట్లో చేప, దీనంత" అని చెయ్యి చాపి చూపించి, మళ్లీ పరిగెత్తింది. మాస్టారు ఆ పిల్లని పోల్చుకున్నారో లేదో. బడి దూలం కేసి చూశారు. అక్కడ ఉత్త తాడు వేలాడుతోంది.

"మా గంట ఏదయ్యా?" అన్నారు. "మీ ఇల్లు మూసేశాక అది ఇక్కడికి రావాలి గదా."

అబ్బులు రీడు మీంచి తలెత్తాడు.

"మా ఆవిడ మాగాయ జాడీ మీద బరువు పెట్టిందండి" అన్నాడు. "ఊరనియ్యండి. ఊరాక పంపిస్తాం."